ఇత్తడి కప్పు, రాగుల గిన్నె

రిటైరయినవాళ్లని కుర్రకారు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇన్నేళ్ల ఉద్యోగంలో మీరు సాధించిందేంటండీ?" అని. మా ఆయన బడిపంతులు కాబట్టి ఆయన దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. తన దగ్గర చదువుకున్న పిల్లలు ఎవరెవరు ఏమయ్యారో వేళ్లు మడుస్తూ చెప్పేస్తాడు. నా వంతు వచ్చేసరికి నేను, "ఒక ఇత్తడి కప్పు. దాని పక్కన రాగుల గిన్నె," అంటాను. వాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ రెండూ ఒక టేబుల్ మీద కుదరడానికి నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మీలాంటివాళ్ల కోసం ఆ సంగతి ఇప్పుడు చెబుతున్నాను. మీరూ నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

నేను నందిగామలో ఒక లైసెన్సు తుపాకుల షాపులో పనిచేశాను. జగ్గయ్యపేటలో ఇల్లు, రోజూ బస్సులో రాకపోకలు. ఆడమనిషికి తుపాకుల షాపులో ఉద్యోగమేంటని మా అత్తగారు మొదట్లో మూతి ముడిచింది. తర్వాత పక్కింటావిడతో గొడవ వచ్చినప్పుడల్లా ఆవిడే, "మా కోడలు ఎక్కడ పనిచేస్తదో తెలుసా?" అని మొదలుపెట్టేది. చర్చిలో ఆడవాళ్లు నన్ను తుపాకుల అక్క అనేవాళ్లు. నిజం చెప్పాలంటే ఆ ఉద్యోగంలో నేను ఒక్కసారి కూడా తుపాకీ పేల్చలేదు. చప్పుడంటే నాకు భయం.

మా షాపుకి ఊరి బయట, చందర్లపాడు రోడ్డు మీద, ఒక చిన్న గది ఉండేది. దాన్ని మందు గది అనేవాళ్లం. చుట్టుపక్కల ఊళ్లలో పంట కాపలాకి లైసెన్సు తుపాకీ ఉన్న రైతులకి అక్కడ మోత తూటాలు నింపి ఇచ్చేవాళ్లం. వాటిలో గుళ్లుండవు. నల్ల తుపాకీ మందు, దాని మీద అట్టబిళ్ల, అంతే. పేలితే ఢామ్మని మోత వస్తుంది, మొక్కజొన్నలో పడ్డ అడవి పందులు పరుగెత్తుతాయి. రైతు పేల్చిన ఇత్తడి డొల్లలు వెనక్కి తెచ్చిస్తే, శుభ్రం చేసి మళ్లీ నింపేవాళ్లం. ఆ గదికి కాగితాల మీద ఇన్‌చార్జిని నేను. పనిచేసేది మాత్రం మా బాబాయి.

బాబాయి అంటే నాకు చుట్టం కాదు. పెనుగంచిప్రోలు నుంచి వచ్చే ముసల్మాన్ పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు అక్కడే ఒక వ్యాపారి కొట్లో కుంచంతో ధాన్యం కొలిచేవాడు. కుంచాలు పోయి కాటాలు వచ్చాక ఆ పని పోయింది, మా దగ్గరికి వచ్చాడు. తెల్ల గడ్డం, మాసినా మడత నలగని లుంగీ. తూటాలు నింపేటప్పుడు కూడా ధాన్యం కొలిచినట్టే "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టేవాడు. ఒకటి అనేమాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో కూర్చుంటే కోడలు బలవంతాన సీరియళ్లు చూపిస్తుందని, ఆదివారం కూడా పనికి వస్తానని గొడవచేసేవాడు.

మా తూటాలకి మంచి పేరుండేది. "మీ మోతే మోతండీ," అనేవాళ్లు రైతులు. ఒక్క ఫిర్యాదు మాత్రం వచ్చింది. పెనుగంచిప్రోలు రైతు ఒకాయన తుపాకీ పేల్చగానే అది వెనక్కి తన్నిందని, తను గట్టు మీంచి కాలవలో పడ్డానని ఉత్తరం రాశాడు. నేను దానికి ఘాటుగా జవాబిచ్చాను. "తుపాకీని భుజానికి గట్టిగా ఆనించి పట్టుకోవలెను. తడి గట్టు మీద నిలబడి పేల్చుట తమ పొరపాటు." అలా రాసి సంతకం కూడా పెద్దగా పెట్టాను. ఆ ఉత్తరాన్ని గుర్తుపెట్టుకోండి.

నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు, ఒక వేసవిలో, బాబాయి మందు కొలిచే వెదురు గొట్టం ఎండకి నెర్రె విచ్చింది. అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. మా మనవడి దగ్గుమందు సీసా మూత పట్టుకెళ్లి ఇచ్చాను. తెల్లటి ప్లాస్టిక్కు మూత, చుట్టూ గీతలు, గీతల పక్కన అంకెలు. "చూడు బాబాయ్, ఇక నుంచి మనది సైంటిఫిక్ కొలత," అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వెదురంత నమ్మకంగా లేదమ్మాయ్," అన్నాడు. నేను వినలేదు.

నెల తిరక్కుండా తనిఖీ ఆఫీసరు వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. తలుపు చూశాడు, చెక్క టేబుల్ చూశాడు, అన్నిటికీ తలాడించాడు. చివరికి మూత చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేంటమ్మా?"

"కొలతండీ. గీతలు కూడా ఉన్నాయి చూడండి," అన్నాను గర్వంగా.

ఆయన మూత పట్టుకుని బయట ఎండలోకి నడిచాడు. మేమూ వెంట వెళ్లాం. డైరీలో ఒక కాగితం మూల చించి, ముక్కలు ముక్కలు చేసి అరచేతిలో పోసుకున్నాడు. మూతని చొక్కా చేతికి గరగరా రుద్ది వాటి మీదికి తెచ్చాడు. కాగితం ముక్కలు ఎగిరి మూతకి అతుక్కున్నాయి.

"ఈ పొడి ఎండల్లో ప్లాస్టిక్కుని రుద్దితే కరెంటు పుడుతుందమ్మా. కాగితమైతే ఇట్లా ఎగిరి అతుక్కుంటుంది, మనకి ఆటగా ఉంటుంది. మందయితే ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదనుకుంటా."

నా తల తీసేసినట్టయింది. అన్ని రోజులూ పెద్దాయన ఆ మూతతో, ఆ గదిలో, ఒక్కడే కూర్చుని పనిచేశాడు. అక్కడున్న రాయి మీద కూలబడ్డాను.

ఆఫీసరు పదిహేను రోజులు గడువిచ్చాడు. సరైన కొలత సాధనం మేమే ఎంచుకోవాలి. ఎందుకు ఎంచుకున్నామో ఆయనకి చెప్పాలి. ఆయన ముందు పది కొలతలు కొలిస్తే, ఆయన త్రాసులో పదీ ఒకేలా తూగాలి. తూగకపోతే నింపే పర్మిషన్ రద్దు.

"రద్దయితే అయింది," అన్నాడు మా ఓనరు గారు, ఆఫీసరు జీపు కదలగానే. "ఆ గదికి తాళమేస్తే నాకూ తలనొప్పి పోద్ది. కాకపోతే పెద్దాయనకి మన దగ్గర వేరే పనేముంది? ఇంటికి పంపెయ్యడమే."

పెద్దాయన పక్కనే కూర్చుని డొల్లలు తుడుస్తున్నాడు. సాయంత్రం నేను బస్సుకి బయల్దేరుతుంటే అడిగాడు. "అమ్మాయ్, వచ్చే నెల్నుంచి నేను రానక్కర్లేదా?"

"ఎందుకు రానక్కర్లేదు? ఆ మూత తెచ్చింది నేను. మంచిది తెచ్చేది కూడా నేనే. నువ్వు పొద్దున్నే వచ్చెయ్," అన్నాను. అన్నంత ధైర్యం లోపల లేదు. జగ్గయ్యపేట వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

మర్నాటి నుంచి మా షాపులో కొలత సాధనాల ఎంపిక మొదలైంది. పెళ్లికొడుకుని ఎంచడానికి కూడా మా ఇంట్లో అంత రభస జరగలేదు.

ముందు ఓనరు గారు బంగారం షాపులో ఉండే బ్యాటరీ కాటా తెస్తానన్నాడు. మందు గదిలోకి సెల్‌ఫోనే తీసుకెళ్లం, స్విచ్చులున్న కాటా ఎలా పెడతామని నేను అడ్డం పడ్డాను. ఆయన బావమరిది రంగంలోకి దిగాడు. ఆయన ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ లారీల పని చూసుకుంటూ, మిగతా టైమంతా ఫోన్లో ఏదో ఒకటి ఆర్డరు పెడుతుంటాడు. "అక్కా, మీరు నిశ్చింతగా ఉండండి. ఫారిన్ మిషను తెప్పిస్తున్నా," అన్నాడు. వారం తిరిగేలోగా డబ్బా వచ్చింది. పైన గాజులాంటి ప్లాస్టిక్కు గొట్టం, కింద ఇనప డొక్కు, పక్కన తిప్పే పిడి. చూడ్డానికి కాఫీ గింజలు మరపట్టే మిషనులా ఉంది. ఓనరు గారు పిడి తిప్పి చూసి మురిసిపోయాడు.

నేను దానితో వచ్చిన కాగితం చదవడం మొదలుపెట్టాను. మా ఆయన పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు వాడే భూతద్దం తెచ్చుకుని మరీ చదివాను. చిట్టచివరి పేజీలో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: ఈ మిషను నల్ల తుపాకీ మందుకి వాడరాదు.

"అంత చిన్నక్షరాల్లో రాసారంటే పెద్ద విషయం కాదన్నమాటే కదక్కా!" అన్నాడు బావమరిది.

"ప్లాస్టిక్కు మూత చూసి ఆఫీసరు అంత మాటన్నాడు. ప్లాస్టిక్కు గొట్టం, లోపల మందు గింజల్ని నలిపే ఇనప చక్రం చూస్తే మనల్ని జీపెక్కిస్తాడు బాబూ. ఏ మందుకి చేసింది ఆ మందుకే వాడాలి," అన్నాను.

ఆ మిషను వాళ్లింటికి వెళ్లిపోయింది. వాళ్లావిడ ఇప్పటికీ దాంట్లో కాఫీపొడి పోసుకుని కొలుచుకుంటోందట. చాలా బాగా పనిచేస్తోందని ఆయన కనపడ్డప్పుడల్లా నన్ను దెప్పుతాడు.

ఇంక వారమే ఉంది. ఆ ఆదివారం చర్చి నుంచి తిన్నగా జగ్గయ్యపేటలో ఇత్తడి సామాన్లు చేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. దేవుడి గంటలు, బిందెలు చేసే మనిషి. నాకేం కావాలో ఆయనకి చెబుతూ చెబుతూ నాకే స్పష్టమైంది. ఇత్తడి కావాలి, ఎందుకంటే తగిలినా నిప్పురవ్వ రాలదు, ప్లాస్టిక్కులా కరెంటు పట్టి ఉంచదు. ఒక్క తూటాకి సరిపడా మందే పట్టాలి, ఎక్కువా తక్కువా చేసే మరలేవీ ఉండకూడదు, ఎందుకంటే తిప్పడానికి మర ఉంటే ఎవరో ఒకరు తిప్పుతారు. పట్టుకోవడానికి పొడుగు కాడ ఉండాలి. అంచు నున్నగా ఉండాలి, పైన చెక్క పుల్లతో గీస్తే సమంగా రావాలి. దానికో ఇత్తడి గరాటా.

"అంటే మా అమ్మ నూనె కొలిచే గిద్దె లాంటిదేగా, ఇంకా చిన్నది," అన్నాడాయన. అంతే. ఫారిన్ దాకా వెళ్లొచ్చిన వెతుకులాట ఆయన ఒక్క మాటతో ముగించాడు. షాపు కాగితాల్లో ఉన్న కొలత ప్రకారం రెండు రోజుల్లో చేసి ఇచ్చాడు.

ముందు మందుతో కాకుండా రాగులతో ప్రాక్టీసు చేద్దామనుకున్నాం. షాపు వెనక వసారాలో బాబాయి కొలిచాడు, నేను తెలిసిన కంసాలి దగ్గర తెచ్చిన చిన్న త్రాసులో తూచాను. పది కొలతలూ పది రకాలుగా వచ్చాయి. ఒక్కటీ మరోదానితో కలవలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. బస్సెక్కి ఆ ఇత్తడాయన దగ్గరికి పోయి, "మీ కప్పు ఒక్కోసారి ఒక్కోలా కొలుస్తోందండీ," అని దులిపేశాను.

ఆయన చేతిలో పని పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "కప్పు పెరుగుద్ది, తరుగుద్ది అంటారా? అదేమన్నా పసిపిల్లా అమ్మా?" అని, నేను తెచ్చిన రాగులూ త్రాసూ తీసుకుని నా కళ్ల ముందే పదిసార్లు కొలిచాడు. పదీ ఒకేలా తూగాయి. నేను సారీ చెప్పి, తిరిగి బస్సెక్కాను.

మర్నాడు బాబాయి కొలుస్తుంటే నేను కప్పు చూడ్డం మానేసి ఆయన చేతులు చూశాను. కప్పు ముంచాడు. పుల్లతో సమంగా గీశాడు. గరాటాలో పోశాడు. కప్పు కింద పెట్టాడు. వెంటనే ఎడం చెయ్యి రాగుల్లోకి వెళ్లి, ఒక చిటికెడు తీసి, గరాటాలో వదిలింది.

"బాబాయ్! ఏంటది?"

"ఏది?"

"చేత్తో ఏదో వేసావు."

"నేనా? ఏం వెయ్యలేదే."

రెండోది కొలిచాడు. గీశాడు. పోశాడు. మళ్లీ చిటికెడు. ఈసారి నేను ఆ చెయ్యి గాల్లోనే పట్టుకున్నాను. వేళ్ల మధ్య రాగులున్నాయి. బాబాయి తన చెయ్యి వైపు, అది ఇంకెవరిదో అయినట్టు, కళ్లప్పగించి చూశాడు.

"కొసరమ్మాయ్," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. "కుంచం కొలిచాక కొసరు వేస్తాంగా."

కొసరు అంటే మీకు తెలుసు. కూరగాయలు తూచాక పైన వేసే నాలుగు మిరపకాయలు, పూలమ్మాయి మూర కొలిచాక వదిలే బెత్తెడు దండ. ధాన్యం కొలిచినన్నాళ్లూ ప్రతి కుంచానికీ గుప్పెడు వేసి వేసి ఆయన చెయ్యి అలా తయారైంది. అదే చెయ్యి ఇన్నేళ్లుగా ప్రతి తూటాలోనూ కొసరు మందు వేసింది! మా మోతకి అంత పేరెందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. పెనుగంచిప్రోలు రైతు కాలవలో ఎందుకు పడ్డాడో కూడా తెలిసింది. నేను ఆయనకి రాసిన ఉత్తరంలో ప్రతి అక్షరం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. తుపాకీ గొట్టం పాతదై ఉంటే ఆయన కాలవతో బయటపడేవాడు కాదు.

ఆ పూటే ఓనరు గారికి చెప్పి, అమ్మిన తూటాలన్నీ వెనక్కి తెప్పించమన్నాను. తెప్పిద్దాంలే, ముందు తనిఖీ కానివ్వమన్నాడు. ముందు తెప్పించాకే తనిఖీ అన్నాను. ఆటో మాట్లాడుకుని ఊరూరా తిరిగాం. ఇచ్చినవాళ్లు ఇచ్చారు, ఇవ్వనన్నవాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాం.

అసలు చిక్కు బాబాయి చెయ్యి. గడువు నాలుగు రోజులే ఉంది. వద్దంటే ఆయన వెంటనే ఒప్పుకునేవాడు, చెయ్యి ఒప్పుకునేది కాదు. ఎడం చెయ్యి లుంగీ మడతలో పెట్టుకోమన్నాను. కుడిచేత్తో వేశాడు. వేసిన ప్రతిసారీ నాలుక కరుచుకుని, లెంపలేసుకుని, తర్వాతదానికి మళ్లీ వేశాడు. మూడో రోజు ఆయన కప్పు కింద పెట్టేశాడు.

"నావల్ల కాదమ్మాయ్. కొలిచి చెయ్యి దులిపేసుకుంటే లోపల ఏదో తక్కువైనట్టుంటది. నన్ను పంపించెయ్యమను. రేపు నా మూలాన ఎవడి కన్నన్నా పోతే నేను బతకలేను."

ఆయన కళ్లలో నీళ్లు చూసేసరికి నాకూ దుఃఖం ఆగలేదు. ఇద్దరం వసారాలో కూర్చుని కాసేపు ఏడ్చాం. అప్పుడు నేను విసుగెత్తి, రాగుల గిన్నె తీసి ఆయన ఎడం చేతి పక్కన ఠప్పున పెట్టాను. "వెయ్యకుండా ఉండలేకపోతే వెయ్యి. కాకపోతే ఈ గిన్నెలోంచి తీసి ఈ గిన్నెలోనే వెయ్యి. తూటా జోలికి రాకు," అన్నాను.

కోపంలో అన్న మాటే పనికొచ్చింది. బాబాయి కొలిచాడు, గీశాడు, పోశాడు. ఎడం చెయ్యి లేచి, గిన్నెలోంచి నాలుగు రాగులు తీసి, గిన్నెలోనే వదిలింది. ఆయన మొహం తేటపడింది. "అమ్మయ్య! పడింది," అన్నాడు. ఆరోజు యాభై కొలిచాం. అన్నీ ఒకేలా తూగాయి.

తనిఖీ రోజున ఓనరు గారు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. అందరం చెప్పులు బయట విడిచి మందు గదిలోకి వెళ్లాం. ఆఫీసరు కప్పుని వేలితో తడిమి చూసి, ఎందుకు ఎంచుకున్నారని అడిగాడు. నేను పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. ఇత్తడి ఎందుకో, మరలు ఎందుకు లేవో, పెద్ద డబ్బాలోంచి తిన్నగా డొల్లలోకి ఎందుకు వంచమో, పనికి కావలసిన కాస్త మందే బయటికి తీసి డబ్బా మూతపెట్టి దూరంగా ఎందుకు ఉంచుతామో. ఆయన తల పంకించాడు. ఓనరు గారి మొహం వెలిగిపోయింది.

అప్పుడు ఆఫీసరు కళ్లు గిన్నె మీద పడ్డాయి. "ఇక్కడ తిండిగింజలేంటి? ఈ టేబుల్ మీద మందుకి సంబంధం లేనిదేదీ ఉండకూడదు. తీసెయ్యండి."

ఓనరు గారు నాకంటే ముందు దూకి గిన్నె బయట పెట్టేసి వచ్చాడు. పైగా నా వైపు చూసి నవ్వాడు.

బాబాయి నన్నోసారి చూసి, కప్పు ముంచాడు. గీశాడు. "లాభం," అంటూ ఆఫీసరు త్రాసులో పోశాడు. ఎడం చెయ్యి లేచి, గిన్నె ఉండే చోటికి వెళ్లింది. వట్టి చెక్క తగిలింది. వేళ్లు అక్కడ తడుముకున్నాయి. తడుముకుని, మెల్లగా, మందు వైపు తిరిగాయి.

"ఆగు బాబాయ్!" అని అరిచాను.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఓనరు గారు నా కాలు తొక్కాడు. చెప్పుల్లేవు కాబట్టి బతికిపోయాను.

"సార్, ఆ గిన్నె తిండికి కాదు. అది కూడా కొలత సాధనమే," అన్నాను. ఇక దాచేదేముంది? కుంచం దగ్గర మొదలుపెట్టి కాలవ దాకా అంతా చెప్పేశాను. నేను రాసిన ఉత్తరం సంగతి కూడా చెప్పాను. ఓనరు గారు పైకప్పు చూస్తున్నాడు.

"గిన్నె తీసెయ్యమన్నప్పుడు మీరు ఊరుకోవచ్చు కదమ్మా," అన్నాడు ఆఫీసరు. "పదికీ చిటికెడు పడితే, పదీ దగ్గర దగ్గరగానే తూగేవేమో."

"ఇవాళ తూగినా, రేపు ఆ చిటికెడు ఏ ఊళ్లో ఎవరి చేతిలో పేలుద్దో నాకు తెలీదు కదండీ," అన్నాను.

ఆయన బాబాయి వైపు తిరిగాడు. "ఎందుకేస్తావు పెద్దాయనా?"

"ఖచ్చితంగా కొలిచి ఇచ్చేస్తే ఎట్టాగండీ? అవతలి మనిషి మొహం చూడాలిగా."

"మా అమ్మ పెరుగమ్మేది," అన్నాడు ఆఫీసరు. "గ్లాసు కొలిచాక ఇంకో గరిటె వెయ్యకపోతే ఆవిడకి తోచేది కాదు. మా నాన్న తిట్టేవాడు, తల ఊపేది, మళ్లీ వేసేది." లేచి, తనే బయటికెళ్లి గిన్నె తెచ్చి, మందుకి మూరెడు దూరంలో పెట్టాడు. "ఇక్కణ్ణుంచి జరగకూడదు. లాభం నుంచి మళ్లీ కానియ్యి."

పదీ ఒకేలా తూగాయి.

అయితే ఆయన కాగితం మనిషి కదా. టేబుల్ మీదున్నవన్నీ పర్మిషన్‌లో రాయాలన్నాడు, రాశాడు. ఇత్తడి కప్పు ఒకటి, ఇత్తడి గరాటా ఒకటి, చెక్క పుల్ల ఒకటి, గిన్నె ఒకటి, రాగులతో సహా. మరుసటేడు కొత్తగా వచ్చిన ఆఫీసరు లిస్టు పట్టుకుని ఒక్కొక్కటీ సరిచూస్తూ, "రాగులు అడుక్కి పోయాయేంటమ్మా?" అని నన్ను నిలదీశాడు. పిచ్చుకలు తిన్నాయని సంజాయిషీ రాసిచ్చాను. అది నా సర్వీసులో ఏకైక సంజాయిషీ.

తనిఖీ అయిన మర్నాడే పెనుగంచిప్రోలు వెళ్లి ఆ రైతుకి క్షమాపణ చెప్పాను. కొత్త తూటాలు ఇచ్చాను. వారం తర్వాత ఆయనే షాపుకి వచ్చాడు. "ఏంటండీ ఇది? మోత తగ్గిపోయింది. అప్పట్లో ఒక్కటి పేలిస్తే పందులు చందర్లపాడు దాకా పోయేయి!"

"అప్పట్లో మీరు కాలవలోకి పోయారండీ," అన్నాను.

"పోతే పోయా. ఈదుకుంటూ వచ్చాగా," అన్నాడాయన, నిజంగానే బాధగా.

బాబాయి ఇంకో రెండేళ్లు చేశాడు. చూపు మందగించిందని తనే మానేస్తానన్నాడు. ఆఖరి రోజున ఆఖరి డొల్ల తీసుకున్నాడు. కప్పు ముంచాడు, గీశాడు, పోశాడు. ఎడం చెయ్యి లేచింది. గిన్నె దాకా వెళ్లకుండా సగంలో ఆగింది. ఆగి, ఖాళీగా వెనక్కి వచ్చి ఆయన ఒళ్లో పడుకుంది.

"చూసావా అమ్మాయ్! బుద్ధొచ్చింది దీనికి," అన్నాడు నవ్వుతూ. తర్వాత గిన్నె బయటికి తెచ్చి, నా కొంగు పట్టమని, రాగులన్నీ అందులో ఒంపేశాడు. "రెండేళ్ల కొసరు. ఎవరికీ ముట్టలేదు. నువ్వుంచుకో." నేను ఏడుస్తున్నానని ఆయనకి కనపడలేదనుకుంటాను, చూపు తక్కువ కదా. కనపడినా అననే అనడు.

మర్నాడు మనిషి దొరికేదాకా నేనే నింపుతానని గదిలో కూర్చున్నాను. మొదటి కప్పు ముంచాను, గీశాను, "లాభం" అనుకుంటూ పోశాను. కప్పు కింద పెట్టగానే నా ఎడం చెయ్యి, నాదే, దానంతటదే లేచి గిన్నెలోకి వెళ్లింది. గిన్నె ఖాళీ.

పని ఆపేశాను. అన్నిటికీ మూతలు పెట్టి, గదికి తాళమేసి, రాగులు కొనడానికి నందిగామ బజారుకి వెళ్లాను. కొట్టాయన కిలో తూచి, కవరు మూతి ముడెయ్యబోతూ ఆగి, డబ్బాలోంచి ఇంకో గుప్పెడు తీసి వేశాడు.